సోప్‌బార్, జీబ్రా, హాట్ రెయిల్స్: ఈ పికప్ పేర్లలో ఏది ఆకారం, ఏది శబ్దం?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న హెచ్‌ఎస్‌ఎస్ ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. అంటే స్ట్రింగ్స్ కదలికను కరెంటుగా మార్చే పికప్‌లు మూడు ఉన్నది, ఆ అక్షరాల సంగతి తర్వాత చెప్తాను. ఆదివారాలు చర్చిలో వాయిస్తారు, ఇంట్లో సినిమా పాటలు సాధన చేస్తారు. స్విచ్‌ను మధ్య పికప్ మీదకో నెక్ (గిటార్ మెడ) వైపు పికప్ మీదకో తెస్తే యాంప్‌లోంచి గుయ్‌మని ఒకటే మోత. సలహా అడిగితే ఒకరు సోప్‌బార్ వేయించమన్నారు, ఇంకొకరు జీబ్రా పీఏఎఫ్ అన్నారు, మూడో ఆయన హాట్ రెయిల్స్ అన్నారు. ఈ పేర్లకు అర్థమేంటి, వీటిలో ఏది కొనాలి అన్నది మీ ప్రశ్న. హంబక్కర్ అనే పికప్‌కు కాయిల్ ట్యాప్ చేయించడం గురించి కూడా అడిగారు, అది చివర్లో చెప్తాను.

ముందు ఒక మాట: ఇప్పుడే ఏదీ కొనకండి. ఆ మూడింటిలో ఒకటి మీ గిటార్‌లో పట్టదు, పట్టించినా మోత పోదు. రెండోది మీ గిటార్‌లో ఇప్పటికే మోత లేని చోటికి వెళ్ళే పికప్. మూడోది మోత తగ్గిస్తుంది కానీ మీకు కావలసిన శబ్దాన్ని కూడా మార్చేస్తుంది. ఎందుకో వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నేను ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాద్‌లో గిటార్లు బాగుచేస్తున్నాను. పికప్‌ల విషయంలో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే చోట పొరపడతారు. పికప్‌ల ముద్దుపేర్లలో కొన్ని ఆకారాన్ని చెప్తాయి, కొన్ని లోపలి కాయిల్స్ (రాగి తీగ చుట్టల) లెక్కను చెప్తాయి, కొన్ని వచ్చే శబ్దాన్ని చెప్తాయి. ఆకారం పేరు విని దాన్ని శబ్దం పేరు అనుకుని డబ్బు పెడతారు. ఎవరు ఏ పేరు చెప్పినా ముందు అడగాల్సింది ఇదే: ఇది ఆకారం పేరా, కాయిల్స్ పేరా, శబ్దం పేరా?

అసలు పికప్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చూద్దాం, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుడతారు. ఫెండర్ కంపెనీ చేసిన పాతకాలం స్ట్రాటోకాస్టర్ (ముద్దుగా స్ట్రాట్) గిటార్ పికప్‌లో దాదాపు 8,000 చుట్లు ఉంటాయి. పైన స్టీలు స్ట్రింగ్ ఊగితే ఆ అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. యాంప్ దాన్నే పెద్దది చేస్తుంది. శబ్దం పెద్దగా రావడమే దీని ప్రయోజనం అనుకోకండి. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను తలచుకోండి. మామూలు మాండలిన్‌లో నాలుగు జతల స్ట్రింగ్స్ ఉంటాయి, మీటగానే శబ్దం ఆరిపోతుంది. ఆయన ఐదు ఒంటి స్ట్రింగ్స్ ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. ఒక్క మీటుకు స్వరం నిలబడింది కాబట్టే దాని మీద గమకం పలికింది. స్వరాన్ని అలా నిలబెట్టడంలో పికప్ వంతు చాలా ఉంది. అందుకే ఈ చిన్న పెట్టె గురించి ఇంత పట్టించుకుంటాను.

ఇప్పుడు మోత సంగతి. మన ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్. గోడలో వైర్లు, ట్యూబ్‌లైట్ చోకు, ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్, ఆఖరికి యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ తమ చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని వదులుతాయి. ఏది స్ట్రింగ్ నుంచి వచ్చింది, ఏది ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి వచ్చింది అన్నది రాగి చుట్టకు తెలియదు, రెండింటినీ పట్టుకుంటుంది. ఒకే కాయిల్ ఉన్న పికప్, అంటే సింగిల్ కాయిల్, అందుకే గుయ్‌మంటుంది. అది చెడిపోవడం కాదు, దాని స్వభావం.

దీనికి గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజినీరు కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. రెండు కాయిల్స్‌ను పక్కపక్కన పెట్టి, రెండోదాన్ని ఎదురు దిశలో కలిపాడు. బయటి మోత రెండింట్లోనూ సమానంగా, కానీ ఎదురెదురుగా వచ్చి రద్దయిపోతుంది. అలాగైతే స్ట్రింగ్ శబ్దం కూడా రద్దవ్వాలి కదా? అవకుండా రెండో కాయిల్‌లో అయస్కాంత ధ్రువాన్ని కూడా తిప్పాడు. స్ట్రింగ్ శబ్దం కాయిల్ వల్ల ఒకసారి, అయస్కాంతం వల్ల ఇంకోసారి తిరగబడి చివరికి రెండు కాయిల్స్‌లోనూ ఒకే దిశలో వస్తుంది, కలిసి బలపడుతుంది. బయటి మోతకు లోపలి అయస్కాంతంతో పని లేదు కాబట్టి అది మాత్రం పోతుంది. హమ్‌ను, అంటే ఆ మోతను, అణచేది కాబట్టి హంబక్కర్. ఈ పేరు పని చెప్పే పేరు, నమ్మదగిన పేరు. దాదాపు అదే కాలంలో రే బట్స్ అనే ఆయన కూడా ఇదే ఆలోచనతో గ్రెచ్ గిటార్లకు ఫిల్టర్‌ట్రాన్ అనే పికప్ చేశాడు. దాని శబ్దం గిబ్సన్ దానికంటే తేటగా, మెరుపుగా ఉంటుంది. రెండూ హంబక్కర్లే, శబ్దాలు మాత్రం వేరు. కాయిల్స్ లెక్క తెలిసినంత మాత్రాన శబ్దం మొత్తం తెలిసిపోదన్నమాట.

మీ గిటార్ మీది హెచ్‌ఎస్‌ఎస్ అన్న అక్షరాలు ఈ లెక్కే. హెచ్ అంటే హంబక్కర్, ఎస్ అంటే సింగిల్ కాయిల్. సాధారణంగా బ్రిడ్జి (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే భాగం) వైపు నుంచి నెక్ వైపుకు చదవాలి. మీ గిటార్‌లో బ్రిడ్జి దగ్గర హంబక్కర్, మధ్యలో, నెక్ దగ్గర సింగిల్ కాయిల్స్. స్ట్రాట్ ఆకారం గిటార్‌కు ఈ అమరిక ఉంటే వాయించేవాళ్ళు ఫ్యాట్ స్ట్రాట్ అంటారు, బ్రిడ్జి శబ్దం లావుగా ఉంటుంది కాబట్టి. 1954లో వచ్చిన అసలు స్ట్రాటోకాస్టర్ ఎస్‌ఎస్‌ఎస్. గిబ్సన్ వాళ్ళ లెస్ పాల్ గిటార్ 1957 నుంచి హెచ్‌హెచ్. ఫెండర్ వాళ్ళ టెలీకాస్టర్ ఎస్‌ఎస్. అయితే బ్రిడ్జి నుంచి చదవాలన్న పద్ధతిని అందరూ పాటించరు. ముఖ్యంగా టెలీలో నెక్ దగ్గర హంబక్కర్ ఉన్నవాటిని కొందరు హెచ్‌ఎస్ అని, కొందరు ఎస్‌హెచ్ అని రాస్తారు. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ తన పాత టెలీలో నెక్ దగ్గర గిబ్సన్ హంబక్కర్ పెట్టించుకున్నాక ఆ అమరికను కోరుకునేవాళ్ళు పెరిగారు. కొనేటప్పుడు అక్షరాలను నమ్మకండి, ఫొటో చూడండి.

హెచ్‌ఎస్‌ఎస్, దాని తర్వాత హెచ్‌ఎస్‌హెచ్ ఎందుకు పుట్టాయో చెప్పాలంటే రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ పేరు ఎత్తాలి. 1978లో ఆయన బృందం మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి ఆయన చేతిలో ఉన్నది స్ట్రాట్ ఆకారపు బాడీలో బ్రిడ్జి దగ్గర గిబ్సన్ హంబక్కర్ బిగించి తానే కూర్చుకున్న గిటార్. ఇక్కడి ముక్క, అక్కడి ముక్క కలిపి చేసింది కాబట్టి ఫ్రాంకెన్‌స్టైన్ కథలోని అతుకుల మనిషిని తలచుకుని ఫ్రాంకెన్‌స్ట్రాట్ అన్నారు. అందులో హంబక్కర్ కాస్త వాలుగా ఉంటుంది. అది అందానికి పెట్టింది కాదు. ఫెండర్ తరహా బ్రిడ్జి మీద స్ట్రింగ్స్ మధ్య దూరం గిబ్సన్ కంటే ఎక్కువ, నిటారుగా పెడితే బయటి స్ట్రింగ్స్ పోల్‌ల (ఒక్కో స్ట్రింగ్ కింద పికప్‌లో ఉండే చిన్న లోహపు మొనల) మీద నుంచి పక్కకు జరుగుతాయి. వాల్చితే సరిపోతాయి. ఆ తర్వాత కంపెనీలే ఇలాంటి గిటార్లు చేయడం మొదలుపెట్టాయి, వాటికి సూపర్‌స్ట్రాట్ అని పేరొచ్చింది. గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం 1987లో ఐబనేజ్ తెచ్చిన జెమ్ గిటార్‌తో హెచ్‌ఎస్‌హెచ్ అమరిక బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఇక మీకు చెప్పిన మూడు పేర్ల దగ్గరికి వస్తాను. సోప్‌బార్ నుంచి మొదలుపెడదాం, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

సోప్‌బార్ అంటే సబ్బు బిళ్ళ. గిబ్సన్ 1946 ప్రాంతంలో తెచ్చిన పీ-90 అనే పికప్‌కు వెడల్పాటి, కోలగా ఉండే ప్లాస్టిక్ మూత ఉంటుంది. లేత రంగు మూతైతే నిజంగానే కొత్త సబ్బులా ఉంటుంది. అదే పీ-90కి రెండు పక్కలా స్క్రూలు బిగించడానికి మూలలు బయటికి వస్తే దాన్ని డాగ్ ఇయర్, అంటే కుక్క చెవి అంటారు. 1954 నాటి లెస్ పాల్ జూనియర్‌లో ఉన్నది కుక్క చెవి, 1952 నాటి బంగారు రంగు లెస్ పాల్‌లో ఉన్నది సబ్బు బిళ్ళ. లోపల దాదాపు ఒకటే: వెడల్పాటి ఒక్క కాయిల్, సుమారు 10,000 చుట్లు, కింద రెండు అయస్కాంతపు కడ్డీలు. మళ్ళీ చదవండి, ఒక్క కాయిల్. పీ-90 శబ్దం నాకు చాలా ఇష్టం. గరుకుగా, గొంతు విప్పి మాట్లాడినట్టుగా ఉంటుంది. కానీ అది సింగిల్ కాయిలే, మీ మధ్య పికప్ గుయ్‌మన్నట్టే అదీ గుయ్‌మంటుంది, చుట్లు ఎక్కువ కాబట్టి కొంచెం గట్టిగానే అంటుంది. పైగా అది పట్టాలంటే మీ గిటార్ కొయ్యను తొలిచి, పిక్‌గార్డ్‌ను (ముందు వైపు ఉండే ప్లాస్టిక్ పలకను) కోయాలి.

ఇంకో చిక్కు. బేస్ గిటార్ వాయించేవాళ్ళ నోట సోప్‌బార్ అంటే పీ-90 కానే కాదు. పైన పోల్‌లేవీ కనపడని దీర్ఘచతురస్రపు నల్ల డబ్బా. లోపల చాలాసార్లు హంబక్కరే ఉంటుంది, కొన్నిటికి బ్యాటరీ కూడా కావాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే సోప్‌బార్ అని ఆర్డర్ పెట్టాడు. వచ్చింది ఐదు స్ట్రింగ్స్ బేస్ పికప్. అమ్మినవాడు తిరిగి తీసుకోలేదు. ఆ అబ్బాయి మూడు నెలలు కూడబెట్టుకున్న డబ్బది. ఆ రోజు నుంచే నేను ఎవరికైనా ఇంత వివరంగా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఆకారం మోసం చేయడం రెండు వైపులా ఉంది. హంబక్కర్ సైజు మూత కింద పీ-90 పెట్టి అమ్మే మంచి పికప్‌లు ఉన్నాయి, పీ-90 సైజు మూత కింద రెండు కాయిల్స్ ఉన్నవీ ఉన్నాయి. ఇవి పేరు చెప్పి అమ్మేవి, తప్పేం లేదు. ఒకసారి ఒక పాత చవక గిటార్ నా బల్ల మీదకు వచ్చింది. మెరిసే క్రోమ్ మూత, రెండు వరుసలకు సరిపడా వెడల్పు, హంబక్కర్ అని చెప్పి అమ్మారట. మూత విప్పితే లోపల సన్నని సింగిల్ కాయిల్ ఒక్కటి, మిగతా అంతా ఖాళీ. మోత ఎందుకు పోవడం లేదో అప్పుడు అర్థమైంది. మూత విప్పకుండానే తెలుసుకునే పద్ధతి ఒకటుంది: యాంప్ శబ్దం బాగా తగ్గించి, చిన్న స్టీలు స్క్రూడ్రైవర్‌తో రెండు వరుసల పోల్‌లనూ మెల్లగా తాకండి. పనిచేసే కాయిల్ మీద టక్‌మని గట్టిగా వినిపిస్తుంది. రెండు వరుసలూ దాదాపు ఒకేలా పలికితే నిజమైన హంబక్కర్.

రెండోది జీబ్రా పీఏఎఫ్. ఇందులో రెండు పేర్లున్నాయి, విడదీసి చూడాలి.

సేథ్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, అది 1959లో మంజూరైంది. ఈ మధ్యలో 1957 నుంచే గిటార్లలో ఆ పికప్‌లు వచ్చేశాయి. అందుకని వాటి అడుగున 'పేటెంట్‌కు దరఖాస్తు చేయడమైనది' అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాటలతో చిన్న స్టికర్ అంటించారు. ఆ మాటల మొదటి అక్షరాలే పీఏఎఫ్. పేటెంట్ వచ్చాక కూడా కొన్నేళ్ళు అదే స్టికర్ నడిచింది. ఆ తర్వాత నంబరున్న స్టికర్ వచ్చింది కానీ, ఆ నంబరు హంబక్కర్‌ది కాదు, లెస్ పాల్ అనే గిటారిస్టు పేరిట ఉన్న టెయిల్‌పీస్ (స్ట్రింగ్స్ చివర్లు బిగించే భాగం) పేటెంట్‌ది! స్టికర్ పేరు ఇప్పుడు శబ్దం పేరైపోయింది. ఈ రోజు పీఏఎఫ్ అంటే మరీ గట్టిగా చుట్టని, నెమ్మదైన, తేటైన హంబక్కర్ అని అర్థం. మల్టీమీటర్ పెడితే తీగ రెసిస్టెన్స్ సుమారు 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య వస్తుంది. ఆ రోజుల్లో చుట్లు ఖచ్చితంగా లెక్కపెట్టి ఆపే ఏర్పాటు లేక, దొరికిన అయస్కాంతం దొరికినట్టు వేయడంతో ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. ఒక పాత పీఏఎఫ్ దివ్యంగా పలికిందని పీఏఎఫ్ పేరున్న ప్రతిదీ అలా పలుకుతుందనుకోకూడదు.

జీబ్రా అంటే ఒక కాయిల్ బాబిన్ (తీగ చుట్టే ప్లాస్టిక్ కండె) నలుపు, ఇంకోటి క్రీమ్ రంగు. 1959 ప్రాంతంలో నల్ల ప్లాస్టిక్ కొరత వచ్చి క్రీమ్ రంగు బాబిన్లు వాడారు. రెండూ నలుపు, ఒకటి నలుపు ఒకటి క్రీమ్, రెండూ క్రీమ్ ఇలా కలిసిపోయాయి. అప్పట్లో వాటి మీద లోహపు మూత ఉండేది కాబట్టి కొన్నవాళ్ళకు రంగు కనపడేది కూడా కాదు. తర్వాత గిటారిస్టులు శబ్దం కాస్త తేట పడుతుందని మూతలు పీకేశాక ఈ రంగులు బయటపడ్డాయి. రెండూ క్రీమ్ రంగులో ఉండే పికప్‌ను డిమార్జియో కంపెనీ అమెరికాలో ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకుంది, అందుకే వేరే కంపెనీల దగ్గర జీబ్రా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ కథంతా నాకు ఇష్టమే, కానీ రంగుకు శబ్దంతో ఏ సంబంధమూ లేదు. జీబ్రా బావుంటుందనిపిస్తే అందం కోసం తీసుకోండి, అందం కోసమే అని తెలిసి తీసుకోండి.

మీ విషయంలో పీఏఎఫ్ తరహా పికప్ పట్టేది బ్రిడ్జి దగ్గర. అక్కడ మీకు ఇప్పటికే హంబక్కర్ ఉంది, మోత లేదు. మారిస్తే శబ్దం మెరుగవుతుందేమో కానీ, మీరు చెప్పిన బాధ తీరదు.

మూడోది హాట్ రెయిల్స్. ఇది సీమోర్ డంకన్ కంపెనీ పెట్టిన మోడల్ పేరు, అయితే ఇప్పుడు ఆ తరహా పికప్‌లన్నిటినీ రెయిల్స్ అంటున్నారు. సింగిల్ కాయిల్ సైజులోనే రెండు సన్నని కాయిల్స్ ఇరికించి, ఆరు పోల్‌ల బదులు రైలు పట్టాల్లా రెండు కడ్డీలు పెడతారు. గిటార్ కోయక్కర్లేదు, హంబక్కర్ కాబట్టి మోత పోతుంది. ఆయన చెప్పిన సలహాలో నిజం ఉంది. కానీ పేరులో మొదటి మాట చూడండి, హాట్. చుట్లు బాగా ఎక్కువ, అవుట్‌పుట్ ఎక్కువ, పైన మెరిసే శబ్దం తక్కువ. డిస్టార్షన్‌తో గట్టి రాక్ వాయించేవాళ్ళకు బ్రిడ్జి దగ్గర చాలా బావుంటుంది. మీరు చర్చిలో వాయించేది, మీ మాటల్లోనే, డిలే, రివర్బ్ అనే ప్రతిధ్వని ఎఫెక్టులు వేసి మెల్లగా పరుచుకునే క్లీన్ కార్డ్స్. నెక్ దగ్గర ఇంత బలమైన పికప్ పెడితే అవి ముద్దగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. పాడేవాళ్ళ గొంతుకు అడ్డం పడతాయి. నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నాను: మీ పనికి నెక్ దగ్గర ఇది వద్దు.

మిగతా పేర్లు కూడా ఎక్కడో ఒకచోట తగులుతాయి కాబట్టి కొన్ని చెప్పేస్తాను. టోస్టర్ అంటే రికెన్‌బ్యాకర్ గిటార్ల పాత పికప్, మూత బ్రెడ్ టోస్టర్ పైభాగంలా ఉంటుంది. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ పన్నెండు స్ట్రింగ్స్ రికెన్‌బ్యాకర్‌లో గలగలలాడింది అవే. లిప్‌స్టిక్ అంటే డేన్‌ఎలక్ట్రో పికప్. నేథన్ డేనియల్ నిజంగానే లిప్‌స్టిక్ గొట్టాలు తెప్పించి వాటిలో కాయిల్ దూర్చాడు. ఇవన్నీ ఆకారం పేర్లు. చార్లీ క్రిస్టియన్ పికప్ అన్నది మాత్రం మనిషి పేరు. 1936లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-150 గిటార్‌లోని కడ్డీ పికప్‌కు, దాని మీద జాజ్ వాయించి 25 ఏళ్ళకే కన్నుమూసిన చార్లీ క్రిస్టియన్ పేరు నిలిచిపోయింది. మడ్‌బకర్ అంటే గిబ్సన్ బేస్‌లలో నెక్ దగ్గర ఉండే పెద్ద హంబక్కర్. మడ్ అంటే బురద, శబ్దం అంత చిక్కగా ఉంటుంది. ఇది శబ్దం పేరు, నిజాయితీ ఉన్న పేరు. ఉమన్ టోన్ పికప్ పేరే కాదు. 1960ల చివర గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ హంబక్కర్ మీద టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి, యాంప్ బాగా పెంచి తెచ్చిన శబ్దం. మీ బ్రిడ్జి హంబక్కర్‌తో రూపాయి ఖర్చు లేకుండా ఇవాళే చేసి చూడొచ్చు.

క్వాక్ గురించి కాస్త ఆగాలి, ఇది మీకు నేరుగా పనికొస్తుంది. క్వాక్ అంటే బాతు అరుపు. పాత స్ట్రాట్‌లో స్విచ్ మూడు చోట్లే ఆగేది. వాయించేవాళ్ళు దాన్ని రెండు చోట్ల మధ్యలో ఇరికించి రెండు పికప్‌లు ఒకేసారి పలికించేవారు. ముక్కుతో పాడినట్టు, బాతు అన్నట్టు చిత్రమైన తేట శబ్దం వచ్చేది. గిటారిస్టు మార్క్ నాఫ్లర్ శబ్దం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. ఫెండర్ 1977లో ఐదు చోట్ల ఆగే స్విచ్ పెట్టి దీన్ని అధికారికం చేసింది. చాలామంది దీన్ని అవుట్ ఆఫ్ ఫేజ్, అంటే రెండు పికప్‌ల శబ్దం ఎదురెదురుగా కలవడం, అంటారు, అది తప్పు. రెండు పికప్‌లూ ఒకే ఫేజ్‌లో, పక్కపక్కగా కలిసి ఉంటాయి. నిజమైన అవుట్ ఆఫ్ ఫేజ్ శబ్దం కావాలంటే గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన లెస్ పాల్ వినాలి. నెక్ పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల రెండు పికప్‌లూ కలిపినప్పుడు శబ్దం బోలుగా, ఎక్కడో దూరం నుంచి ఏడుస్తున్నట్టు వచ్చేది. ఆ గిటార్‌కు గ్రీనీ అని ముద్దుపేరు. అది తర్వాత గ్యారీ మూర్ దగ్గరికి, ఇప్పుడు కర్క్ హ్యామెట్ దగ్గరికి చేరింది.

క్వాక్ మీకు ఎందుకు పనికొస్తుందంటే, ఇప్పటి ఎస్‌ఎస్‌ఎస్, హెచ్‌ఎస్‌ఎస్ గిటార్లలో చాలావాటికి మధ్య పికప్‌ను ఎదురు చుట్టుతో, ఎదురు ధ్రువంతో చేస్తారు. అంటే నెక్, మధ్య రెండూ కలిసినప్పుడు అవి రెండు ముక్కల హంబక్కర్‌లా పనిచేసి మోతను చంపేస్తాయి. మీ స్విచ్‌ను నెక్ వైపు నుంచి రెండో చోట పెట్టి వినండి. అక్కడ మోత ఆగిపోతే మీ మధ్య పికప్ అలాంటిదే. చర్చిలో క్లీన్ కార్డ్స్‌కు ఆ చోటే వాడుకోండి. నన్నడిగితే ఆ సంగీతానికి ఐదింటిలో బాగా నప్పే శబ్దం కూడా అదే. మీ సమస్య సగం ఇక్కడే తీరొచ్చు.

మిగతా సగానికి పికప్ కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. వాయించడం ఆపి, స్ట్రింగ్స్ మీద చెయ్యి వేయండి, తీయండి. చెయ్యి వేస్తే మోత తగ్గితే అది మామూలే, మీ గిటార్ ఎర్త్ వైరు సరిగ్గా ఉంది. స్ట్రింగ్స్ ముట్టుకున్నా తేడా లేకుండా, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) లోహాన్ని ముట్టుకుంటే మాత్రం తగ్గితే, బ్రిడ్జికి వెళ్ళే ఎర్త్ వైరు టంకం ఊడిపోయిందని అర్థం. ఐదు నిమిషాల పని. గిటార్ పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగండి, ఒక వైపు తిరిగినప్పుడు మోత బాగా తగ్గితే అది బయటి నుంచి వచ్చే హమ్. ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ లైట్లు, ఇన్వర్టర్ ఒక్కొక్కటీ ఆపి చూడండి.

ఇది మాత్రం దయచేసి నిర్లక్ష్యం చేయకండి: మీ యాంప్ పెట్టే ప్లగ్ పాయింటులో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడో పిన్ను తీసేసి, టూ-పిన్ అడాప్టర్‌లో పెట్టి వాడేవాళ్ళను చాలామందిని చూశాను. స్ట్రింగ్స్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి, పెదవులు మైకుకు తగులుతాయి. ఒకదానికి ఎర్త్ ఉండి ఇంకోదానికి లేకపోతే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఇది ప్రాణాల మీదకు తెచ్చే సంగతి. మోత తగ్గడం దీని తర్వాతి లాభం.

తర్వాత పిక్‌గార్డ్ విప్పించి, లోపలి గుంతకు, పిక్‌గార్డ్ అడుగున రాగి టేపు అంటించి ఎర్త్‌కు కలపమనండి. సన్నని బర్‌ర్‌మనే శబ్దం బాగా తగ్గుతుంది. లోతైన 50 హెర్ట్జ్ హమ్ మాత్రం దీనితో పూర్తిగా పోదు, అయస్కాంత క్షేత్రాన్ని రాగి టేపు ఆపలేదు.

అదే సమయంలో పికప్ ఎత్తు కూడా చూడండి. సింగిల్ కాయిల్ అయస్కాంతాలు స్ట్రింగ్‌కు మరీ దగ్గరగా ఉంటే స్ట్రింగ్‌ను లాగి పట్టుకుంటాయి. లావు స్ట్రింగ్ మీద పై ఫ్రెట్లలో (మెడ మీది లోహపు పట్టీల దగ్గర) స్వరం వణుకుతుంది, ఎంత శ్రుతి చేసినా అపశ్రుతిగానే ఉంటుంది. దీనికి స్ట్రాటైటిస్ అని రోగం పేరే పెట్టారు. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టి, పోల్‌కూ స్ట్రింగ్‌కూ మధ్య లావు వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న వైపు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి, తర్వాత చెవితో సర్దుకోండి. సెకండ్ హ్యాండ్ గిటార్లలో ఇది సరిగ్గా ఉన్నవి నాకు తక్కువే తగిలాయి.

ఇవన్నీ చేశాక కూడా నెక్ పికప్ ఒక్కటే వాడినప్పుడు మోత భరించలేకపోతే, అప్పుడు పికప్ మార్చండి. నెక్‌కు నాయిస్‌లెస్ అని అమ్మే స్టాక్ రకం తీసుకోండి. అందులో కాయిల్స్ పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైది ఎక్కువగా స్ట్రింగ్‌ను వింటుంది, కిందిది మోతను రద్దు చేస్తుంది. సింగిల్ కాయిల్ తేటదనం చాలావరకు మిగులుతుంది. అయితే దాన్ని మార్చాక, మీ మధ్య పికప్ ఎదురు చుట్టుదైతే క్వాక్ చోట మోత కొత్తగా మొదలవుతుంది, ఎందుకంటే దానికి ఇప్పుడు జోడీ లేదు. అందుకే మార్చితే రెండూ కలిపి మార్చండి, లేదా రెండూ ఉంచేయండి. దుకాణంలో ఈ మాట చాలామంది చెప్పరు.

చివరగా మీరు అడిగిన కాయిల్ ట్యాప్ సంగతి. హంబక్కర్‌లో ఒక కాయిల్‌ను ఆపేసి సింగిల్‌లా వాడటాన్ని కాయిల్ స్ప్లిట్ అనాలి. ట్యాప్ అంటే ఒకే కాయిల్‌లో కొన్ని చుట్లనే వాడుకోవడం, అది వేరు. మాట్లాడేటప్పుడు అందరూ రెండింటినీ ట్యాప్ అనేస్తారు, కంపెనీలు కూడా అప్పుడప్పుడు అలాగే రాస్తాయి, కాబట్టి అడిగి తెలుసుకోండి. మీకు కావలసింది స్ప్లిట్. అది కుదరాలంటే హంబక్కర్ నుంచి ఎన్ని వైర్లు బయటికి వస్తున్నాయో చూడాలి. పిక్‌గార్డ్ విప్పినప్పుడు బ్రిడ్జి పికప్ కేబుల్ ఫొటో ఒకటి తీసి పెట్టండి. లోపల నాలుగు రంగుల వైర్లు, ఒక ఉత్త తీగ ఉంటే టోన్ నాబ్‌ను పుష్-పుల్ (పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే) రకానికి మార్చితే చాలు, ఏ రంగు ఎక్కడ కలపాలో కంపెనీని బట్టి చెప్తాను. ఒకటే వైరు, దాని చుట్టూ జాలీ ఉంటే పికప్‌నే విప్పాలి. ఆ సన్నని రాగి తీగ తెగితే అతకడం కష్టం, ఆ పనికి మాత్రం మీరు దిగకండి, చేయి తిరిగినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.